పడవ ట్రాలీకి కొత్త టైర్లు: సోనాపూర్ ఒడ్డున పని డైరీ

ట్రాలీ: ఒక ఇరుసు, రెండు చక్రాలు, బ్రేకులు లేవు. ట్రాక్టరు లాగుతుంది.
మోసేది: 28 అడుగుల ఫైబర్ బోటు, డీజిల్ ఇంజను, వలలు, ఐసు పెట్టె.
చోటు: ఒడిశాలో గంజాం జిల్లా, పాటి సోనాపూర్, బహుదా మొగ దగ్గరి ఒడ్డు.

ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ ట్రాలీ కదలదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధంలో బోట్లను రిపేరు షెడ్డుకి తీసుకెళ్లి తేవడానికి కదులుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు కదులుతుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. ఈ రెండు ఊళ్ల మధ్య ఒడ్డున బోటు ఉన్నవాళ్లకి ట్రాలీ టైరు చిన్న విషయం కాదు. హెచ్చరిక రోజున పంచరు షాపు తెరిచి ఉండదు. తెరిచినా మన వంతు రాదు.

ఇక్కడ రాసిన కొలతలు ఈ ఒక్క ట్రాలీవి. వాటిని అలాగే ఎత్తుకోవద్దు. కొలిచిన పద్ధతిని ఎత్తుకోండి.

దశ 1: పాత టైర్లు విప్పి చూస్తే

ఎడమ టైరు హైవే ఎక్కాక 11వ కిలోమీటరులో పేలింది. మేకు లేదు, రాయి లేదు. విప్పి చూస్తే ఇదీ పరిస్థితి:

1. ఎడమది 145 ఆర్ 12 సైజు, రేడియల్, 8 ప్లై (ఈ రాతలు చదవడం దశ 4లో ఉంది). బటన్ (నేలకి ఆనే గాడుల రబ్బరు) లోతు ఇంకా 6 మి.మీ. ఉంది. అంటే అరిగిపోయి పేలలేదు.
2. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) చుట్టూ ఒకే గీతలో చినిగింది. లోపల చెయ్యి పెట్టి తుడిస్తే కాటుకలా నల్లటి రబ్బరు పొడి అరచేతికంతా అంటింది. గాలి తక్కువై, బరువు ఎక్కువై, సైడ్‌వాల్ మడతపడి తనలో తానే రాసుకున్న టైరులోనే ఆ పొడి ఉంటుంది.
3. తారీకు అంకె 1116. అంటే 2016లో 11వ వారం తయారీ.
4. కుడిది నైలాన్ టైరు, 6 ప్లై. తారీకు 3914, అంటే 2014లో 39వ వారం. గాడుల అడుగున సన్నటి పగుళ్లు, వేలిగోరు దిగేంత.
5. ఒకే ఇరుసు మీద ఒక పక్క రేడియల్, ఒక పక్క నైలాన్. రెండూ బరువుకి ఒకేలా వంగవు. ట్రాలీ ఎప్పుడూ ఒక పక్కకి లాగుతోందన్న ఫిర్యాదుకి ఇదొక కారణం. (రెండో కారణం దశ 8లో దొరికింది.)

ట్రాలీ టైర్లు అరిగి పోవడం అరుదు. ముసలితనంతో పోతాయి, గాలి లేక పోతాయి, మోయలేని బరువుతో పోతాయి. బటన్ బాగుంది కదా అని ఇంకో ఏడాది లాగడం ఈ ఒడ్డున అందరూ చేసే తప్పు.

ఇంకో తప్పు, కొట్టుకెళ్లి "పాత సైజే ఇవ్వండి" అనడం. పాత సైజు ఎవరు, ఏ లెక్కన పెట్టారో ఎవరికీ తెలియదు. ఈ ట్రాలీ కట్టినప్పుడు దొరికిన చక్రాలు పెట్టేశారు, అంతే. అందుకే కొట్టుకి ముందు కాటాకి (బళ్లు తూచే చోటికి) వెళ్లాలి.

దశ 2: కాటా మీద

మొదటి కాటా దగ్గర తప్పు జరిగింది. ఒక్కో చక్రాన్ని విడిగా తూచాలంటే ఆ చక్రం మాత్రం కాటా పలక మీద, రెండో చక్రం బయట నేల మీద ఉండాలి. అక్కడ పలక పక్కన నేల వాలుగా ఉంది. బయట ఉన్న చక్రం కిందికి దిగి ట్రాలీ ఒరిగింది, బరువు అటూ ఇటూ జరిగింది. ఎడమ 860, కుడి 740 వచ్చాయి. కలిపితే 1,600. రెండు చక్రాలూ పలక మీద పెట్టి తూస్తే 1,560. ఈ 40 కిలోల తేడా చూశాకే తప్పు తెలిసింది. కూడిక సరిపోకపోతే ఆ చీటీలు పనికిరావు. నేల సమానంగా ఉన్న ఇంకో కాటాకి వెళ్లి మొత్తం మళ్లీ తూచాం.

తూచే వరస:

1. వేటకి వెళ్లొచ్చిన రోజు బోటు ఎలా ఉంటుందో అలాగే ఎక్కించాలి. ఇంజను, వలలు, డీజిల్ క్యాన్లు, లంగరు, అన్నీ.
2. ట్రాలీని ట్రాక్టరు నుంచి విప్పి, ముక్కుని (ట్రాక్టరుకి తగిలించే ముందు కొసని) స్టాండు మీద నిలిపి, మొత్తం పలక మీద: పూర్తి బరువు.
3. ట్రాక్టరుకి తగిలించి, చక్రాలు మాత్రం పలక మీద: ఇరుసు బరువు. పూర్తి బరువులోంచి ఇది తీసేస్తే ముక్కు బరువు.
4. ఎడమ చక్రం ఒక్కటి. కుడి చక్రం ఒక్కటి.

వచ్చిన అంకెలు:

పూర్తి బరువు 1,690 కిలోలు
ఇరుసు మీద 1,560
ముక్కు మీద 130
ఎడమ చక్రం 830
కుడి చక్రం 730

ఎడమ టైరు మీద అచ్చయిన లోడ్ అంకె 86. ఆ అంకెకి 530 కిలోలు. మోసినది 830. అంటే మోయాల్సిన దాని కంటే 57 శాతం ఎక్కువ. కుడి టైరు మీద 450 కిలోలని రాసి ఉంది, అది మోసినది 730. ఎడమది ముందు పేలింది, అంతే తేడా. కుడిదానికీ రోజులు దగ్గర పడ్డాయి.

పెద్ద కాటాలు చాలావరకు 10 కిలోల మెట్లలో చూపిస్తాయి. అందుకే అంచున లెక్క కట్టకూడదు.

ఖర్చు: మొదటి కాటా 4 చీటీలు 320, రెండో కాటా 4 చీటీలు 320. ఇప్పటిదాకా రూ. 640.

దశ 3: టైరు కొనే ముందు బరువు దించడం

830 కిలోలకి టైరు వెతికితే 15 అంగుళాల చక్రం, పెద్ద హబ్బు (ఇరుసు కొసన చక్రం బిగించే భాగం), బలమైన ఇరుసు అంటూ పని పెరుగుతుంది. ముందు ఆ 830 ఎందుకు వచ్చిందో చూశాం.

బోటు అడుగు పలకల కింద నీళ్లు. బకెట్లతో తోడి కొలిస్తే 110 లీటర్లు పైనే. లీటరు సముద్రపు నీరు కిలో కంటే కొంచెం ఎక్కువే తూగుతుంది. నీళ్లు పోయే బిరడా ఉంది, కానీ రంగు వేసినప్పుడు మూసుకుపోయింది. ట్రాలీ మీద బోటు కొంచెం వెనక్కి వాలి ఉండగానే బిరడా తీస్తే పది నిమిషాల్లో ఖాళీ అయింది.

తడి వలలు. నీరు కారేదాకా ఆగకుండా ఎడమ పక్కన కుప్పగా వేయడం అలవాటు, ఎందుకంటే ఆ పక్క నుంచే ఎక్కిస్తారు. ఎడమ చక్రం 100 కిలోలు ఎక్కువ మోయడానికి కారణం ఇదే. వలల్ని గట్టున ఆరేశాక సగం మాత్రమే బోటులో, మధ్యగీత మీద పరిచాం. మిగతావి ట్రాక్టరు వెనక.

మళ్లీ కాటా:

పూర్తి బరువు 1,520
ఇరుసు మీద 1,390
ముక్కు మీద 130, మొత్తంలో 8.6 శాతం
ఎడమ 710, కుడి 680

పెద్ద ఖర్చు లేకుండా ఎడమ చక్రం మీద 120 కిలోలు తగ్గాయి. ముక్కు బరువు మాత్రం తగ్గకుండా చూసుకోవాలి. పడవ ట్రాలీకి అది మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం మధ్య ఉంటే మంచిది. 5 కంటే తగ్గితే రోడ్డు మీద తోక ఊగుతుంది. ఇంజను వెనకే ఉండే బోటు కాబట్టి డీజిల్ క్యాన్లూ లంగరూ ముందుకి మార్చాం.

ఖర్చు: కాటా 320, రెండు కొత్త బిరడాలు 90. ఇప్పటిదాకా రూ. 1,050.

దశ 4: ఏ టైరు

లెక్క ఒక్కటే. ఎక్కువ మోసే చక్రం బరువుకి 20 శాతం కలపాలి. 710కి 20 శాతం కలిపితే 852 కిలోలు.

టైరు పక్కన రాసినది చదవడం: 185 ఆర్ 14 ఎల్‌టీ 8 పీఆర్, 102/100. ఇందులో 185 వెడల్పు మి.మీ.లో, ఆర్ అంటే రేడియల్, 14 రిమ్ము అంగుళాలు, ఎల్‌టీ అంటే చిన్న లారీల తరగతి, 8 పీఆర్ ప్లై బలం. 102 అంటే ఒంటి చక్రంగా 850 కిలోలు, 100 అంటే జంట చక్రాల్లో ఒక్కోదానికి 800. మన ట్రాలీకి మొదటి అంకే లెక్క. ఆ అంకె పక్కన ఉండే అక్షరం వేగానిది. ట్రాక్టరు లాగే బండికి ఏ ఎల్‌టీ టైరైనా వేగం విషయంలో చాలు, దాని గురించి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

కొట్లో చేత్తో పట్టుకుని చదివినవి:

145 ఆర్ 12, 8 ప్లై: 86, అంటే 530 కిలోలు. పాత సైజు. కుదరదు.
165 ఆర్ 14, 8 ప్లై: 97, అంటే 730 కిలోలు. 710కి సరిపోయినట్టే కనిపిస్తుంది, కానీ మిగులు 20 కిలోలే. తడి వల ఒకటి ఎక్కితే అయిపోయింది.
185 ఆర్ 14, 8 ప్లై: 102, అంటే 850 కిలోలు. కావాల్సిన 852కి 2 కిలోలే తక్కువ.
195 ఆర్ 15, 8 ప్లై: 106, అంటే 950 కిలోలు. మిగులు బాగా ఉంది, కానీ చుట్టుకొలత పెద్దది. ఈ చట్రం మీద ఎత్తు మరీ పెరుగుతుంది.

185 ఆర్ 14 తీసుకున్నాం. మీ ట్రాలీలో బరువు దించే వీలు లేకపోతే 195 ఆర్ 15 వైపే వెళ్లండి. టైరు మోస్తుందని ఇరుసు మోస్తుందనుకోవద్దు. ఇరుసు, కమాన్ కట్టలు, హబ్బు బేరింగులు, రిమ్ము, టైరు, వీటిలో అన్నిటికంటే బలహీనమైనది ఎంత మోస్తుందో ట్రాలీ మోసేది అంతే.

కారు టైర్లు వద్దు. అదే వెడల్పులో చౌకగా దొరుకుతాయి, బటన్ కూడా అందంగా ఉంటుంది. కానీ సైడ్‌వాల్ మెత్తన. నిలువు బరువుతో, మలుపులో పక్కకి లాగే లాగుడుతో ట్రాలీ టైరు పడే పాట్లు వేరు. అమెరికాలో కారు టైరుని ట్రైలరుకి పెడితే దాని మీద రాసిన బరువుని 1.1తో భాగించి లెక్క కడతారు. అక్కడ ట్రైలర్లకే ఎస్‌టీ అని వేరే తరగతి టైర్లు ఉన్నాయి. ఉదాహరణకి ఎస్‌టీ 205/75 ఆర్ 14, లోడ్ రేంజ్ సి రకం 50 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర సుమారు 800 కిలోలు మోస్తుంది. లోడ్ రేంజ్ సి అంటే 6 ప్లై, డి అంటే 8, ఇ అంటే 10. ఇంటర్నెట్‌లో పడవ ట్రైలరు టైర్ల గురించి చదివితే అంతా ఎస్‌టీ గోలే. ఇక్కడి కొట్లలో ఎల్‌టీ 8 ప్లై అడిగితే పని జరుగుతుంది.

రీబటన్ టైర్లు కూడా వద్దు. పైన బటన్ కొత్తదే, లోపలి ఒళ్లు పాతది. ఏడాదిలో తొమ్మిది నెలలు ఎండలో నిలబడే బండికి ఒళ్లే ముఖ్యం.

దశ 5: రిమ్ములు (రెండుసార్లు తప్పాం)

హబ్బుకి 5 స్టడ్లు (చక్రం నట్లు ఎక్కే బోల్టులు). పాత 12 అంగుళాల రిమ్ములు పక్కన పెట్టి, బరంపురం పాత ఇనుము కొట్లలో 14 అంగుళాల రిమ్ములు వెతికాం.

తప్పు 1. స్టడ్ల వృత్తం కొలత. నాలుగు స్టడ్లయితే ఎదురెదురు రెండిటి మధ్య దూరం కొలిస్తే చాలు. అయిదుకి ఎదురు ఉండదు. ఒక స్టడ్డు నుంచి అవతలి రెండిటి నడిమికి టేపు పెట్టి కొలిస్తే 103 వచ్చింది. దాన్ని 100 అనుకుని రిమ్ములు తెచ్చాం. హబ్బు మీదికి ఎక్కలేదు.

అయిదు స్టడ్లకి సరైన కొలత:

1. పక్కపక్కన ఉన్న రెండు స్టడ్ల నడిమి నుంచి నడిమికి కొలవండి. ఇక్కడ 67.2 మి.మీ.
2. దాన్ని 1.701తో గుణించండి. 114.3 మి.మీ.
3. అయిదు జతలూ కొలవండి. ఒకటి తేడా వస్తే స్టడ్డు వంగిందని అర్థం.

టేపు కంటే వెర్నియర్ నయం. రెండు స్టడ్ల బయటి అంచుల మధ్య కొలిచి, ఒక స్టడ్డు మందం తీసేస్తే నడిమి దూరం వస్తుంది.

తప్పు 2. ఈసారి వృత్తం సరిపోయింది, రిమ్ము ఎక్కింది. టైరు బిగించి చూస్తే లోపలి సైడ్‌వాల్‌కీ కమాన్ కట్టకీ మధ్య 6 మి.మీ. మాత్రమే. బోటు ఎక్కి టైరు పొట్ట ఉబ్బితే రాసుకుంటుంది. కనీసం 25 మి.మీ. ఖాళీ ఉండాలి. కారణం రిమ్ము లోతు. రిమ్ముని బోర్లా పెట్టి, వెనక అంచుల మీద తిన్నటి పట్టీ అడ్డంగా ఉంచి, పట్టీ నుంచి హబ్బుకి ఆనే ముఖం దాకా కొలిస్తే 127 మి.మీ. మనకి కావాల్సింది అంతకంటే 20 మి.మీ. అయినా తక్కువ లోతు. మూడో కొట్లో 102 లోతువి దొరికాయి. ఖాళీ 31 మి.మీ.కి పెరిగింది.

మధ్యలో రింగు పెట్టి చక్రాన్ని బయటికి జరపమని సలహా వచ్చింది. ఒప్పుకోలేదు. స్టడ్డు మీద నట్టు పట్టు తగ్గుతుంది.

రిమ్ము కొనేటప్పుడు ఇంకా చూడాల్సినవి: దాని మీద అచ్చయిన బరువు హద్దు టైరుకి తగ్గకూడదు. 185 ఆర్ 14కి రిమ్ము వెడల్పు 5.5 అంగుళాలు సరి. వెల్డింగు అతుకు ఉన్నది ముట్టుకోవద్దు. నట్టు కూర్చునే గుంట కోను ఆకారమా, గుండ్రమా చూడండి. మా పాత నట్లు చదును ముఖంవి, కొత్త రిమ్ములు కోనువి. పాత నట్లే బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, పది కిలోమీటర్లలో వదులవుతుంది. పది నట్లూ మార్చాం.

ఖర్చు: మొదటి రిమ్ములు వెనక్కిస్తే కోత 300, రెండోసారి మార్పిడికి 400, చివరికి మూడు రిమ్ములు (ఒకటి స్టెప్నీకి) 3,300, నట్లు 350. ఇప్పటిదాకా రూ. 5,400.

దశ 6: కొట్టులో

1. మూడు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే బటన్, దగ్గరి తారీకులు.
2. తారీకు అంకె టైరుకి ఒక పక్కనే ఉండొచ్చు. తిప్పి చూడండి. ఆరు నెలలు దాటినవి తిప్పి పంపాం. ట్రాలీ టైరు జీవితాన్ని కిలోమీటర్లలో కాదు, ఏళ్లలో లెక్కపెడతాం. కొట్లో గడిచిన ఏడాది కూడా మన ఖాతాలోనే.
3. ఐఎస్ఐ గుర్తు ఉండాలి.
4. లోపలి అంచు తీగ దగ్గర వేలితో చుట్టూ తడమండి. గంటు ఉంటే వద్దు.
5. గరిష్ఠ గాలి ఎంతో చదివి రాసుకోండి. మావి 450 కేపీఏ, అంటే 65 పీఎస్‌ఐ.

స్టెప్నీ అదే సైజు, అదే రిమ్ము. పాత 12 అంగుళాల చక్రాన్ని స్టెప్నీగా ఉంచితే ట్రాలీ ఒక పక్కకి 54 మి.మీ. ఒరిగి నిలబడుతుంది. దాన్ని స్టెప్నీ అనలేం.

ఖర్చు: మూడు టైర్లు, ఒక్కోటి 5,600 చొప్పున 16,800. ఇప్పటిదాకా రూ. 22,200.

దశ 7: బిగింపు, లీకులు, మడ్‌గార్డు

పంచరు షాపులో మామూలు రబ్బరు వాల్వులు వేశారు. గాలి 65 కొట్టించాం. మర్నాడు పొద్దున చూస్తే 65, 59, 58. స్టెప్నీ బాగుంది, మిగతా రెండూ దిగాయి.

రిమ్ము చుట్టూ సబ్బు నీళ్లు పోసి వంగి చూస్తే, టైరు అంచు రిమ్ముకి ఆనే చోట ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. అరచెయ్యంత మేర. విప్పితే అక్కడ తుప్పు గుంటలు. పైకి రంగు మెరుస్తోంది, లోపలి అంచు ఎవరూ చూడలేదు. మేమూ చూడలేదు.

రెండో లోపం వాల్వులది. మామూలు రబ్బరు వాల్వుకి హద్దు 65 పీఎస్‌ఐ. చల్లగా ఉన్నప్పుడు 65 కొడితే సరిగ్గా హద్దు మీదే, మిగులు ఏమీ లేదు. ఇత్తడి వాల్వులు, లోపల రబ్బరు వాషరుతో నట్టు బిగించేవి వేయించాం.

షాపులో ట్యూబు వేసేద్దాం అన్నారు. లీకు ఆగుతుంది, నిజమే. కానీ ట్యూబ్‌లెస్ రేడియల్‌లో ట్యూబు రాసుకుని వేడెక్కుతుంది. పైగా పంచరైతే ట్యూబ్‌లెస్‌లా మెల్లగా కాకుండా ఒక్కసారిగా దిగిపోతుంది. బోటు మీద ఉండగా అది ప్రమాదం.

మళ్లీ చేసిన వరస:

1. మూడు టైర్లూ విప్పడం.
2. రిమ్ము రెండు అంచుల్నీ తీగ బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా తోమడం, తర్వాత సన్నటి ఎమరీ.
3. జింకు ప్రైమరు రెండు పూతలు, మధ్య ఒక పూట ఆరబెట్టి.
4. అంచు ఆనే చోట మందంగా రంగు వేయకుండా ఒక పలచటి పూత.
5. ఇత్తడి వాల్వు, తర్వాత టైరు. అంచుకి టైరు సబ్బే రాయాలి, గ్రీజు కాదు.

24 గంటల తర్వాత: 65, 65, 64.

నట్లు నక్షత్రం వరసలో, ఒకటి వదిలి ఒకటి. టార్క్ పానాతో ముందు 50, తర్వాత 100 న్యూటన్ మీటర్లు. 12 మి.మీ. స్టడ్డుకి ఇది సరిపోతుంది. పానా మీదెక్కి తొక్కితే స్టడ్డు సాగుతుంది. 20 కిలోమీటర్లకి మళ్లీ చూస్తే పదిలో మూడు నట్లు కొంచెం తిరిగాయి. 80 కిలోమీటర్లకి ఒక్కటీ తిరగలేదు.

ఎత్తు మారింది. పాత టైరు వ్యాసం 543 మి.మీ., కొత్తది 650. సగం తేడా, అంటే 54 మి.మీ. మేర ట్రాలీ లేచింది. మూడు చోట్ల దీని దెబ్బ కనిపించింది. మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య 70 ఉండాల్సింది 16 మిగిలింది. బ్రాకెట్లు కోసి 60 పైకి వెల్డింగు చేశాక 76 వచ్చింది. ట్రాలీ ముక్కు దిగి వాలింది, హుక్కు పలకని ఒక బొక్క మార్చి బిగించాక చట్రం మళ్లీ సమానమైంది. మూడోది బోటు దించే చోట: తేలడానికి ట్రాలీ ఇంతకుముందు కంటే ఆ 54 మి.మీ. లోతుకి వెళ్లాలి. చదునైన ఒడ్డున అది ఇంకో రెండు, మూడు అడుగులు సముద్రంలోకి వెనక్కి వెళ్లడమే. ట్రాక్టరు డ్రైవరుకి ముందే చెప్పాలి.

ఖర్చు: రబ్బరు వాల్వులు 120, మొదటి బిగింపు 450, ఇత్తడి వాల్వులు 360, రెండో బిగింపు 450, బ్రష్షు, ఎమరీ, ప్రైమరు, రంగు 640, వెల్డింగు 900. ఇప్పటిదాకా రూ. 25,120.

దశ 8: గాలి ఎంత, పరుగు పరీక్ష

బోటు ఎక్కించి, 18 కి.మీ., గంటకి 30 కి.మీ. వేగంతో రెండుసార్లు. చల్లటి గాలి కొలత పొద్దున్నే, బండి కదలక ముందు. పరికరాలు: డయల్ గేజు, దూరం నుంచి వేడి చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు.

మొదటిసారి కావాలనే 36 పీఎస్‌ఐ పెట్టాం, ఒడ్డున అందరూ కొట్టించేది అంతే కాబట్టి. ఆగిన వెంటనే కొలిస్తే 42. పెరుగుదల 17 శాతం. సైడ్‌వాల్ 58 డిగ్రీలు.

రెండోసారి 65. ఆగాక 69. పెరుగుదల 6 శాతం. సైడ్‌వాల్ 45 డిగ్రీలు.

850 కిలోలు మోస్తుందన్న మాట 65 పీఎస్‌ఐ దగ్గరి మాట. గాలి సగానికి దిగితే మోసే బలం కూడా సగం దగ్గరికి దిగుతుంది. 36 పీఎస్‌ఐతో ఈ కొత్త టైరు కూడా 710 కిలోలు మోయలేదు. రేపు అది కూడా కాటుక పొడే అవుతుంది. నడిచాక వేడి మీద 69 చూసి గాలి తీసేయడం ఇంకో తప్పు. చల్లారాక 61కి దిగిపోతుంది. వేడి మీద గాలి తీయొద్దు.

పరీక్షలో ఇంకో రెండు బయటపడ్డాయి.

మొదటిది, ఎడమ టైరు బటన్ అంచులు 60 కి.మీ.లోనే ఒక వైపుకి గరుకెక్కాయి. చేత్తో లోపలి నుంచి బయటికి నిమిరితే నున్నగా, తిరిగి నిమిరితే రంపంలా. ఇరుసు వంకర. టైర్ల మధ్య దూరం ముందు 1,412, వెనక 1,414, అది బాగానే ఉంది. హుక్కు నుంచి ఒక్కో చక్రం నడిమికి తాడు పట్టి కొలిస్తే ఎడమకి 3,865, కుడికి 3,877. 12 మి.మీ. తేడా. ట్రాలీ పక్కకి లాగడానికి రెండో కారణం ఇదే. ఇరుసుని కమాన్ కట్టలకి బిగించే యూ బోల్టులు తుప్పుపట్టి సాగిపోయాయి. కొత్తవి వేసి ఇరుసు జరిపాక 3,870, 3,871. గరుకు మళ్లీ రాలేదు.

రెండోది, కుడి హబ్బు 71 డిగ్రీలు, ఎడమది 44. చెయ్యి పెట్టి చూసినా తెలిసేంత వేడి. మూత తీస్తే గ్రీజు పాలు కలిపిన టీ రంగులో ఉంది. ఉప్పు నీరు కలిసిన గ్రీజు అలాగే ఉంటుంది. రెండు వైపులా బేరింగులు, ఆయిల్ సీళ్లు మార్చి, నీటికి కరగని మెరైన్ గ్రీజు నింపాం. తర్వాతి పరుగులో 43, 45.

ఖర్చు: యూ బోల్టులు 360, బేరింగులు, సీళ్లు, గ్రీజు 1,900. ఇప్పటిదాకా రూ. 27,380.

దశ 9: ఇసుక, ఉప్పు, నిలబెట్టడం

65 పీఎస్‌ఐతో మెత్తటి ఇసుకలో చక్రం కోసుకుపోతుంది. ఒడ్డున లాగేటప్పుడు 25కి దించాం, నడక వేగం దాటకుండా. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ 65. ఇందుకు 12 వోల్టుల పంపు ట్రాక్టరులో పెట్టాం. రెండు టైర్లకి 14 నిమిషాలు పట్టింది. ఈ 14 నిమిషాలు బద్ధకించి 25తోనే హైవే ఎక్కితే పైన చేసిన పనంతా వృథా.

రోడ్డు మీద నుంచి వచ్చిన వెంటనే ట్రాలీని నీళ్లలోకి దించొద్దు. వేడి హబ్బు ఒక్కసారి చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని సీలు సందులోంచి సముద్రపు నీటిని పీల్చుకుంటుంది. కుడి హబ్బు పాడైంది అందుకే. చెయ్యి ఆనిస్తే వెచ్చదనం తెలియకుండా పోయేదాకా ఆగుతున్నాం, అరగంట పైనే.

దించిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగడం: రిమ్ము లోపలి వైపు, నట్లు, యూ బోల్టులు, కమాన్ కట్టల మధ్య. పైపైన చల్లితే చాలదు.

నెలల తరబడి నిలబెట్టేటప్పుడు:

1. బోటు దించేయాలి.
2. ఇరుసు కింద దుంగలు పెట్టి చక్రాలు నేల నుంచి రెండు వేళ్ల ఎత్తు లేపాలి. లేకపోతే ఒకే చోట అణిగి టైరు చదునవుతుంది.
3. టైర్ల మీద గోనె సంచులు కప్పాలి. ఎండే రబ్బరుని పగులగొడుతుంది.
4. గాలి 65 దగ్గరే ఉంచాలి, నెలకొకసారి చూడాలి.
5. టైరు నల్లగా మెరవాలని డీజిల్ రాయడం మానాలి. రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది.

చివరి కాటా, కొత్త చక్రాలతో: పూర్తి బరువు 1,540, ఇరుసు 1,410, ఎడమ 720, కుడి 690, ముక్కు 130. ఎడమ టైరుకి మిగులు 130 కిలోలు. కొత్త చక్రాల బరువు కలిసి 20 శాతం కంటే కొంచెం తగ్గింది. ఐసు నింపిన పెట్టె ట్రాలీ మీద ఎక్కించకూడదని చట్రం మీద తెల్ల రంగుతో రాశాం.

ఖర్చు: కాటా 3 చీటీలు 240. మొత్తం రూ. 27,620. ఇందులో సరిగ్గా కొలిచి ఉంటే మిగిలేది రూ. 1,590: మొదటి కాటా 320, రిమ్ముల కోతలు 700, రబ్బరు వాల్వులు 120, రెండో బిగింపు 450.

412 కి.మీ. దగ్గర చూసినవి: బటన్ లోతు ఎడమ 7.8, కుడి 7.9 మి.మీ. గాలి నెలకి 2 పీఎస్‌ఐ దిగుతోంది. నట్లు కదల్లేదు. స్టెప్నీ రిమ్ము అంచున ఒక చోట మళ్లీ ఎర్రటి చుక్క కనిపించింది. నిషేధం మొదలయ్యాక దాన్ని విప్పి తోమాలి. అక్టోబరు ఒకటో తారీకు లోపు మూడింటికీ 65 ఉందో లేదో చూడాలి.